చింతపండుతో తోమేసిన బిద్రీ హుక్కా: కేసు మొత్తం

ముందే చెప్పేస్తున్నా, బిద్రీ (జింక్ లోహంలో వెండి పొదిగి, మిగతాదంతా నల్లబరిచే బీదర్ పని) మీద ఉండే నలుపు మురికి కాదు, పెయింటూ కాదు. ఈ ఒక్క సంగతి తెలియక హైదరాబాద్ ఇళ్లలో ఎన్ని పాన్‌దాన్లు, ట్రేలు, పూలకుండీలు తోమీ తోమీ బూడిద రంగుకి తిరిగాయో లెక్కలేదు. నేను లోహపు వస్తువుల కన్సర్వేషన్, అంటే పాతవి ఇంకా పాడవకుండా కాపాడే పని చేస్తాను, ఎక్కువగా ఇళ్లలోవి, అప్పుడప్పుడు చిన్న మ్యూజియంలవి. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఏంటంటే, నేను చదువుకున్న రూలుకీ, పాతబస్తీలో బిద్రీ చేసే ఉస్తాద్ మాటకీ మధ్య ఇందులో గట్టి పంచాయితీ పడింది, కొన్నిచోట్ల ఆయన మాట నెగ్గింది, కొన్నిచోట్ల నాది, ఏది ఎందుకు నెగ్గిందో రాసిపెడితే ఈ పని చేసేవాళ్లకి పనికొస్తుందని.

వచ్చిన వస్తువు హుక్కా అడుగు భాగం, అంటే నీళ్లు పోసే కుండ. గంట ఆకారం, 17 సెంటీమీటర్ల ఎత్తు, మెడ దగ్గర ఉబ్బెత్తు పట్టీ. ఒంటినిండా గసగసాల మొక్కలు, ఒక్కో మొక్క ఒక్కో గూడులో నిలబడి ఉంటుంది, పైనా కిందా లతల అంచు. ముత్తాత నిజాం కాలంలో వకీలు, ఫీజు ఇవ్వలేని క్లయింటెవరో దీన్ని ఇచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఏదీ లేదు కాబట్టి రిపోర్టులో 'కుటుంబం చెప్పిన ప్రకారం' అని మాత్రమే రాశాను. హుక్కా కుండలు మొదట్లో గుండ్రంగా ఉండేవి, నిలబెట్టడానికి కింద ఒక కుదురు కావాలి. అడుగు వెడల్పుగా ఉండే గంట ఆకారం 18వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. పనితనం కూడా చూసి 18వ శతాబ్దం చివరికీ 19వ శతాబ్దం మధ్యకీ నడుమ అని రాశాను, అంతకన్నా బిగించి చెప్పడానికి ఆధారం లేదు.

ఆ ఇంట్లో చాలా ఏళ్లు దీన్ని ఫ్లవర్ వాజ్‌గా వాడారు, నీళ్లు పోసి, నిజం పూలు పెట్టి. ఆ తర్వాత ఇల్లు రెనొవేట్ చేయించి, హాల్లో ప్లైవుడ్‌తో కొత్త షోకేస్ కొట్టించి అందులో పెట్టారు. కొన్ని నెలలకి దానిమీద తెల్లటి పొడి కనిపించింది. బూజు అనుకున్నారు. దీపావళి ముందు సామాన్లన్నీ తోమేటప్పుడు ఇదీ ఆ కుప్పలో చేరింది, చింతపండు పెట్టి, ఆపైన ఇత్తడి సామాన్లకి వాడే పౌడర్ పెట్టి రుద్దారు. నా దగ్గరికి వచ్చేసరికి సత్తుగిన్నెలా ఉంది. వెండి ఎక్కడుందో, మిగతా లోహం ఎక్కడుందో దగ్గరగా చూస్తే తప్ప తెలియట్లేదు, ఎందుకంటే రెండూ ఇంచుమించు ఒకే రంగు. పెద్దావిడ అడిగింది ఒక్కటే: "ఏమ్మా, ఇది మళ్లీ నల్లగా అవుతుందా?"

అవుతుంది. కానీ చేయాలా వద్దా అన్నదే ఈ కేసు.

నలుపు ఎక్కడినుంచి వస్తుంది

బిద్రీ పని తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. ఇది దాదాపు మొత్తం జింక్, అందులో కొంచెం రాగి. ఇప్పటి పనివాళ్లు 16 వంతుల జింక్‌కి ఒక వంతు రాగి అని చెబుతారు. ఇసుకలో ఆముదం, గుగ్గిలం లాంటివి కలిపి అచ్చు కడతారు, కరిగిన లోహం పోస్తారు, చల్లారాక ఆకురాయి పెట్టి నున్నగా చేస్తారు. తర్వాత మైలుతుత్తం నీళ్లు రుద్దితే పైన తాత్కాలికంగా నల్లబడుతుంది, గీత కనబడటానికి అంతే. ఆ నలుపు మీద చేత్తోనే డిజైన్ గీసి, సన్నటి ఉలితో, దాన్ని వాళ్లు కలం అంటారు, గాడి తవ్వుతారు. గాడి అంచులు లోపలికి కొంచెం వాలుగా ఉండాలి, అప్పుడే కొట్టిన వెండి పట్టు నిలుస్తుంది. తీగ కూర్చితే తార్‌కషీ, రేకు కూర్చితే తహ్‌నిషాన్. వెండే నేలగా పరుచుకుని పువ్వు నల్లగా కనబడితే ఆఫ్తాబీ. మన హుక్కాలో పూరేకులు తహ్‌నిషాన్, కాడలు తార్‌కషీ.

వెండి అంతా కూర్చి మళ్లీ నున్నగా అరగదీశాక వస్తువు మొత్తం తెల్లగా ఉంటుంది, పనితనం ఏమీ కనబడదు. అప్పుడు వస్తుంది అసలు ఘట్టం. బీదర్ కోటలో ఎండావానా తగలని చోట్ల నుంచి తెచ్చిన పాతమట్టిని నవాసారంతో (అమ్మోనియం క్లోరైడ్) కలిపి నీళ్లలో కాచి, వస్తువుని కొంచెం వేడిచేసి అందులో ముంచుతారు. జింక్ ఉన్న చోటంతా చూస్తుండగానే నల్లబడిపోతుంది, వెండి తెల్లగానే ఉండిపోతుంది. నవాసారం పైపొరలో జింక్‌ని కొంత కరిగిస్తుంది, రాగి మిగులుతుంది, ఆ రాగి వల్లే నలుపు. వట్టి జింక్‌ని ఎంతసేపు అందులో ముంచినా ఇలాంటి నలుపు రాదు. మట్టిలో పనిచేసేది సూరేకారం జాతి లవణాలు, అంటే నైట్రేట్లు. పనివాళ్లు మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చూసి మంచిదో కాదో చెబుతారు, వినడానికి కథలా ఉంటుంది గానీ దీని సంగతి తర్వాత చెబుతా.

అంటే ఆ నలుపు వస్తువు తాలూకు చర్మం. చాలా పల్చటిది. చింతపండులో ఉన్న ఆమ్లం దాన్ని తీసేయడమే కాదు, కింద జింక్‌ని కూడా కొరుకుతుంది. రాగి, ఇత్తడికి చింతపండు బాగా పనిచేస్తుంది కాబట్టి మనకి అన్నిటికీ అదే అలవాటు, బిద్రీకి మాత్రం విషం.

బీదర్ 1956 నవంబర్ 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం, అందుకే ఈ పని, ఈ పనివాళ్లు ఇక్కడికి కొత్త కాదు. 2006లో బిద్రీకి జీఐ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది కర్ణాటక నుంచి, 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. పాత పని ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ గ్యాలరీకి మించింది మనకి దగ్గర్లో లేదు. ఈ కేసులో నలుపు ఎంత లోతుగా ఉండాలి, వెండితో ఎంత తేడా కనబడాలి అన్నది కళ్లకి పట్టించుకోవడానికి నేను అక్కడే నిలబడ్డాను.

మైక్రోస్కోప్ కింద

మొదట తెల్లపొడి. బూజు కాదు, జింక్ తుప్పు. కుండ లోపల ఎక్కువ, అది పూలనీళ్ల పుణ్యం. బయట మాత్రం ఒక పక్కన ఎక్కువగా ఉంది, షోకేస్ వెనక చెక్కకి దగ్గరగా ఉన్న పక్క. కొత్త ప్లైవుడ్, దాని జిగురు, లామినేట్ ఇవన్నీ మూసిన అరలో ఆమ్లపు ఆవిరి వదులుతాయి, జింక్‌కీ సీసానికీ అది అస్సలు పడదు. అనుమానం తీర్చుకోవడానికి ఖాళీ షోకేస్‌లో శుభ్రంగా గీకిన సీసం రేకు ఒకటి వేలాడదీయించాను. కొన్ని వారాలకి రేకు మీద తెల్లటి పూత కట్టింది. ఎవరైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష ఇది, ఖర్చు దాదాపు సున్నా, కాకపోతే సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, పిల్లలకి అందకుండా పెట్టాలి.

తర్వాత లోహం. అడుగున లోపలి వైపు చిన్న చోటు గీకి ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్‌రేతో ఏ లోహం ఎంతుందో చెప్పే పరీక్ష) తీయించాను, పైన తీస్తే తుప్పు వల్ల లెక్క తప్పుతుంది. జింక్ 90 శాతం పైన, రాగి 4 దగ్గర, సీసం 2 దగ్గర, తగరం జాడ. ఇప్పటి 16కి 1 పాళ్లలో సీసం లేదు, తగరం లేదు. 19వ శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ వాళ్ల దగ్గర పనిచేసిన బెంజమిన్ హేన్ బిద్రీ చేసే పద్ధతి రాసిపెట్టాడు, ఆయన పాళ్లలో రాగితో పాటు సీసం, తగరం రెండూ ఉన్నాయి. కాబట్టి ఇది వింత కాదు, పాత పద్ధతే. కానీ నాకు దీనివల్ల ఒక పని పెరిగింది: ఇప్పటి లోహం మీద టెస్ట్ చేసి, వచ్చిన నలుపునే దీనిమీదా వస్తుందని నమ్మడానికి వీల్లేదు.

వెండి చాలా చోట్ల లేచి ఉంది, కింద తుప్పు ఉబ్బి పైకి నెట్టింది. కొన్ని రేకులు రాలిపోయాయి. రాలిన చోట ఖాళీ గాడులు. నిజం చెప్పాలంటే ఈ వస్తువులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఆ ఖాళీలే. వెండి ఉన్నంతకాలం లోపల ఏముందో ఎవరికీ కనబడదు. గాడి అడుగున ఉలి అడుగడుగునా ఆగి కదిలిన గీతలు అలాగే ఉన్నాయి, మెడ పట్టీ కింద చింతపండు చేరని సందులో పాత నలుపు కూడా కొంచెం మిగిలింది. నాకు గీతలు కనిపించాయి గానీ అవి ఏం చెబుతున్నాయో తెలియలేదు. ఉస్తాద్‌ని పిలిచింది అప్పుడే.

ఉస్తాద్ చూసింది

ఆయన మైక్రోస్కోప్‌లో కళ్లు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం అడిగి బొమ్మ గీశారు. మొక్కల్లో గాడి అంతా ఒకే చేతిది, ఉలి దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం సమానం, మలుపు దగ్గర చెయ్యి ఆగకుండా వస్తువునే తిప్పుకుంటూ పోయాడు. కింది అంచులో మాత్రం వేరే చెయ్యి. మలుపు వచ్చిన ప్రతిసారీ ఉలి ఎత్తి మళ్లీ పెట్టాడు, రెండుచోట్ల గాడి మరీ లోతుకి పోతే వెండి కింద ఇంకో ముక్క వేసి ఎత్తు సరిచేశాడు. "ఇది నేర్చుకునే పిల్లగాని పని. అంచు వాళ్లకే ఇస్తరు. మా నాయిన నాకూ అదే ఇచ్చిండు," అన్నారు.

ఇంకొకటి కూడా పట్టుకున్నారు. ఒక మొక్కలో మూడు రేకుల వెండి తర్వాత ఎవరో కూర్చినది. అది చూడగానే చెప్పేశారు, అంచు కొట్టిన తీరు వేరట. నేను ఎక్స్‌ఆర్ఎఫ్ తీసి చూస్తే మిగతా వెండిలో రాగీ, కొంచెం బంగారం జాడా ఉన్నాయి, ఆ మూడింటిలో దాదాపు వట్టి వెండి. శుద్ధి చేసిన ఈ కాలపు వెండి అలాగే ఉంటుంది. అంటే ఈ కుండ మీద కనీసం ముగ్గురి చేతులున్నాయి: గురువు, శిష్యుడు, ఎప్పుడో రిపేరు చేసిన ఇంకొకరు. మన రికార్డుల్లో ఇలాంటి వస్తువుల పక్కన 'బిద్రీ, దక్కన్, 19వ శతాబ్దం' అని రాసి వదిలేస్తాం. ఆయన కళ్లు లేకపోతే నేనూ అంతే రాసేదాన్ని.

గొడవ

కన్సర్వేషన్ చదివినవాళ్లకి మొదట నేర్పేది తక్కువ జోక్యం, వెనక్కి తీయగలిగే పని. మళ్లీ నలుపెక్కించడం రెండిటికీ విరుద్ధం. అది రసాయనిక చర్య, లోహంలో కొంత శాశ్వతంగా పోతుంది, వద్దనుకుంటే వెనక్కి రాదు. కొత్త నలుపు చూసి రేపు ఎవరైనా అసలుదే అనుకునే ప్రమాదం కూడా ఉంది. నా మొదటి ప్లాన్ తుప్పు తీసి, నిలకడగా చేసి, వ్యాక్స్ వేసి, బూడిద రంగులోనే వదిలేయడం.

ఉస్తాద్‌కి ఇది అర్థమే కాలేదు, కోపం కూడా వచ్చింది. గసగసాల పువ్వు కనబడటానికే కదా వాడు అంత కష్టపడింది, ఇప్పుడది కనబడకుండా అద్దాల్లో పెట్టి ఏం కాపాడుతున్నట్టు అని ఆయన వాదన. ఆలోచిస్తే ఆయన మాటలో బలం ఉంది. కంచు విగ్రహం మీద చేరిన పచ్చటి పొర కాలం ఇచ్చినది, దాన్ని మళ్లీ సృష్టించకూడదు. బిద్రీ నలుపు అలాంటిది కాదు, తయారీలో ఆఖరి మెట్టు. పనివాడు ఉద్దేశించిన డిజైన్‌లో సగం. పైగా పోయింది కాలం వల్ల కాదు, ఒక్కరోజు తోమడం వల్ల. ఇంకో సంగతి, ఇది మ్యూజియంలో తాళం వేసి ఉండే వస్తువు కాదు. బూడిద రంగులో ఉంటే ఈ ఇంట్లో వచ్చే దీపావళికి దీన్ని మళ్లీ ఎవరో ఒకరు తోముతారు.

కాబట్టి నలుపు విషయంలో నేను తగ్గాను. ఎలా చేయాలన్న దగ్గర మాత్రం తగ్గలేదు. ఆయనేమో "నక్కో మేడమ్, ముక్కముక్క చేస్తే మచ్చలొస్తయి, మొత్తం ఒక్కసారే ముంచాలె" అన్నారు. కొత్త వస్తువుకి అది కరెక్టే. ఇది పోత పోసినప్పటి సన్నటి రంధ్రాలతో, లేచిన వెండితో, లోపల తుప్పుతో ఉన్న పాత కుండ. ముంచితే నవాసారం నీళ్లు ఆ సందులన్నిట్లో చేరతాయి, క్లోరైడ్ లోపల ఇరుక్కుందంటే వచ్చే వానాకాలానికి తెల్లపొడి రెట్టింపు అవుతుంది. ముద్దలా చేసి, పైపైన, ఒక్కో గూడూ విడిగా, కడుగుతూ చేయాలన్నది నా పట్టు.

తేల్చింది టెస్టులే. ఎక్స్‌ఆర్ఎఫ్ లెక్క ప్రకారం సీసం, తగరం కలిపి ఆయన చిన్న బిళ్లలు పోత పోశారు, కొన్నిటికి వెండి తీగ కూడా కూర్చారు. మట్టి రెండు రకాలు దొరికింది, ఈమధ్య కొన్నది ఒకటి, ఆయన సీసాలో ఏళ్ల తరబడి దాచుకున్నది ఇంకొకటి. రెండూ రుచి చూసి కొత్తది పనికిరాదన్నారు. నైట్రేట్ స్ట్రిప్ పెట్టి చూస్తే పాతమట్టి నీళ్లలో రంగు స్పష్టంగా ముదిరింది, కొత్తదాంట్లో లేతగా ఉండిపోయింది. ఒక్క కేసుతో సిద్ధాంతం చేయను గానీ ఆ నాలుకని నేను ఇకమీదట ఒక పరికరం కిందే లెక్కేస్తాను.

ముంచిన బిళ్లా, ముద్ద పెట్టిన బిళ్లా పక్కపక్కన పెడితే, ముంచినది కచ్చితంగా ఎక్కువ సమానంగా వచ్చింది, ఆయన చెప్పినట్టే. ముద్ద పెట్టినదాంట్లో అంచుల దగ్గర గోధుమరంగు ఛాయ వచ్చింది. కానీ కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే (క్లోరైడ్ ఉంటే తెల్లబడుతుంది) ముంచిన బిళ్ల నీళ్లు ఎంతకీ పాలలా విరుగుతూనే ఉన్నాయి, ముద్ద పెట్టినది త్వరగా తేటపడింది. అది చూశాక ఆయన ఒప్పుకుని, ఉపాయం కూడా ఆయనే చెప్పారు: ముద్ద హద్దుని ఎప్పుడూ వెండి గీత మీదే ఆపాలి, నలుపు మధ్యలో ఆపకూడదు. గూళ్ల చుట్టూ వెండి అంచు ఉండనే ఉంది. మచ్చ సమస్య దాదాపు అక్కడితో పోయింది.

చేసిన పని

తెల్ల తుప్పు వెదురుపుల్లలతో, స్కాల్పెల్‌తో మైక్రోస్కోప్ కింద తీశాను, ఆమ్లం ఒక్క చుక్క వాడలేదు. లేచిన వెండిని కింద శుభ్రం చేసి పల్చటి పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ జిగురుతో అతికించాను, కొట్టి కూర్చుదామన్నారు ఉస్తాద్, పాత జింక్ పెళుసుగా ఉంది కాబట్టి సుత్తి వద్దన్నాను. రాలిపోయిన రేకుల్లో పువ్వు ఆకారం చెడిన చోట మాత్రం కొత్తవి ఆయన చేశారు, మిగతా గాడులు ఖాళీగానే ఉంచాం. కొత్త వెండి వెనకవైపు ఏడాది గీశాం. ఎవరైనా విప్పితే తెలుస్తుంది.

నలుపెక్కించడం ముందు అడుగు భాగంలో, ఆపైన ఒక్కో గూడు. ఉస్తాద్ ముద్ద పెట్టేవారు, ఎప్పుడు తీయాలో ఆయనే చెప్పేవారు, నేను డీయోనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లతో కడిగి, క్లోరైడ్ చూసి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టేదాన్ని. మెడ పట్టీ కింద మిగిలిన అసలు నలుపుని ముట్టుకోలేదు, అదే మాకు నమూనా, రేపు ఎవరికైనా సాక్ష్యం. కుండ లోపల నలుపు అక్కర్లేదు, శుభ్రం చేసి వదిలేశాం. చివర్లో వెండి మీద మాత్రం మెత్తటి సుద్దపొడి తడిపి, దూదితో.

చివరి తగువు నూనె దగ్గర. బిద్రీకి ఆఖర్న నూనె రాసి రుద్దుతారు, అప్పుడు వచ్చే లోతైన నలుపు వ్యాక్స్‌తో రాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ నూనె పాతబడితే ఆమ్లం అవుతుంది, దుమ్ము పడుతుంది. రోజూ చేతిలో తిరిగే, వారానికోసారి తుడిచే వస్తువుకి పర్లేదు, అద్దాల్లో ఏళ్లు కూర్చునేదానికి వద్దు. మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పల్చగా వేసి, మెత్తటి గుడ్డతో రుద్దాం. ఉస్తాద్ ఇప్పటికీ "జర మబ్బుగున్నది" అంటారు.

షోకేస్ సంగతి దీనికన్నా ముఖ్యం, కుటుంబానికి మాత్రం ఇదే చిరాకు, అంత డబ్బు పెట్టి చేయించుకున్నారు కదా. ఆ అరలో మరి లోహం పెట్టొద్దని చెప్పి, అద్దం, పౌడర్ కోటింగ్ ఇనుముతో చిన్న కేస్ చేయించాం, లోపల సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్. డల్లాస్‌లో ఉన్న కూతురు తనతో తీసుకెళ్తానంది. 1972 యాంటిక్విటీస్ చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువుని సొంతదే అయినా దేశం దాటించకూడదు, సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టినా అది నేరమే. నా రిపోర్టులో వయసు రాసి ఉంది, దాన్ని మార్చమని అడిగితే మార్చనని చెప్పాను. కొంచెం ముభావంగా ఉన్నారు, తర్వాత సర్దుకున్నారు.

వానాకాలం అయ్యాక చూశాను. పైన అంతా బాగుంది. అడుగు అంచు దగ్గర ఒక చోట ఆవగింజంత తెల్ల చుక్క లేచింది, శిష్యుడు లోతుగా తవ్విన చోటే, ముద్ద తాలూకు క్లోరైడ్ అక్కడ కొంచెం మిగిలి ఉంటుంది. పుల్లతో తీసి, మళ్లీ కడిగి, వ్యాక్స్ వేశాను. వచ్చే వానాకాలం కూడా చూడాలి. రిపోర్టులో ఉస్తాద్ గీసిన ఉలి గీతల బొమ్మ, ఆయన మాటలు అనుబంధంగా పెట్టాను, కన్సల్టేషన్ ఫీజు నాతో సమానంగా బిల్లులో వేశాను. పేరు వేస్తానంటే కాపీలో వేయండి, బయట వద్దన్నారు, అందుకే ఇక్కడ రాయలేదు.